గడ్డికి ఊపిరి పోసిన పెద్ద టామ్



ప్రత్యేక సంచిక అనగానే దేశనాయకుల జీవితాలు, కవుల జీవితాలు వ్రాయడం మనకు అలవాటు. ఈసారి నేను గడ్డి పెంచిన ఒక మనిషి జీవితం వ్రాస్తున్నాను. ఉద్యోగకాలమంతా ఉద్యానవనాల విభాగంలో లాన్ల పని చూసినవాణ్ణి గనుక, మా పనికి గౌరవం తెచ్చిన ఆ పెద్దమనిషిని గురించి నలుగురికీ చెప్పాలని చాలాకాలంగా కోరిక. ఆయన పేరు టామ్ మోరిస్. స్కాట్లాండ్ దేశస్థులు. ఆయన కుమారుని పేరు కూడా టామ్ మోరిస్ కావడం వల్ల తండ్రిని పెద్ద టామ్ అనీ, కొడుకును చిన్న టామ్ అనీ పిలుస్తారు. పెద్ద టామ్ గోల్ఫ్ ఆటలో నాలుగుసార్లు ఛాంపియన్ అని లోకం చెప్పుకుంటుంది. నా మట్టుకు నాకు ఆయన చేతిలోని గోల్ఫ్ కర్ర కంటే పారే గొప్పదిగా కనబడుతుంది.

హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలు ఉన్నా మనలో చాలామందికి ఆ ఆట పరిచయం తక్కువ. చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న చిన్న గుంటలో పడవేయాలి. సాధారణంగా అటువంటి గుంటలు 18 ఉంటాయి. తక్కువ దెబ్బలతో ముగించినవారు గెలిచినట్టు. ప్రతి గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దానిని గ్రీన్ అంటారు. బంతి దాని మీద నేరుగా దొర్లాలి. కనుక ఈ ఆటకు ప్రాణమంతా గడ్డిలోనే ఉంది.

గడ్డికి వచ్చే జబ్బు

టామ్ గారి కథలోకి పోయేముందు ఒక్క విషయం చెప్పాలి. గడ్డి పైకి పచ్చగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఏ లాన్‌లోనైనా పచ్చని ఆకులకూ మట్టికీ నడుమ చచ్చిన కాడలు, పాత వేళ్ళు పేరుకొని ఒక పొర కడతాయి. వేళ్ళతో పాయ తీసి చూస్తే గోధుమరంగులో కొబ్బరిపీచులాగా కనబడుతుంది. ఆ పొర అర అంగుళం లోపు ఉంటే మేలే చేస్తుంది. నేల తేమను కాపాడుతుంది, కాలి ఒత్తిడికి మెత్త లాగా ఆనుతుంది. అంతకు మించి మందమైతే మాత్రం పోసిన నీళ్ళు మట్టిని చేరవు. కొత్త వేళ్ళు నేలలోకి దిగకుండా ఆ పీచులోనే తిరుగుతాయి. ఎండలు ముదరగానే ముందుగా మాడేది అటువంటి లానే. బూజు తెగుళ్ళకూ పురుగులకూ అదే నిలయం.

దీనికి వైద్యం రెండు విధాలు. పళ్ళ దంతెతో గీరి ఆ చచ్చిన పీచును పైకి లాగి పారవేయడం ఒకటి. మా మాలీలు దీనిని లాన్ దువ్వడం అనేవారు. రెండవది, పైన పలుచగా ఇసుక చల్లి చీపురుతో లోపలికి దించడం. ఇసుక రేణువులు పీచును విడదీస్తాయి, గాలి ఆడుతుంది, చచ్చినది చివికి మట్టిలో కలిసిపోతుంది. ఈ ఇసుక వైద్యాన్ని కంటితో చూసి నేర్చుకుని, ఒక పద్ధతిగా స్థిరపరచి, తర్వాతి తరాలకు అప్పగించినవారిలో టామ్ మోరిస్ గారు అగ్రగణ్యులు.

బాల్యం, పని నేర్చుకోవడం

టామ్ మోరిస్ 1821 జూన్ 16న స్కాట్లాండ్ తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో జన్మించారు. తండ్రి చేనేత పనివారు. సంపన్న కుటుంబం కాదు. యౌవనారంభంలోనే అలన్ రాబర్ట్‌సన్ అనే ప్రసిద్ధ ఆటగాని వద్ద బంతులు తయారుచేసే పనిలో చేరారు. ఆ రోజుల్లో గోల్ఫ్ బంతి అంటే తోలు సంచిలో ఈకలు కూరి కుట్టినది. నేర్పుగల పనివాడు కూడా రోజుకు ఏ నాలుగో మాత్రమే చేయగలిగేవాడు. అందుకే ఖరీదెక్కువ.

1848 ప్రాంతంలో మలయా దేశపు చెట్ల పాలతో చేసే గట్టి బంతి వచ్చింది. అది చవక, త్వరగా పాడవదు. ఈకల బంతుల వ్యాపారం దెబ్బతింటుందని యజమానికి భయం. టామ్ ఒకనాడు ఆ కొత్త బంతితో ఆడారని తెలిసి ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. టామ్ ఆ కొలువు విడిచిపెట్టారు. అప్పటికే పెళ్ళయింది. మొదటి బిడ్డ 1850లో నాలుగేళ్ళ వయసులో పోయాడు. 1851లో పుట్టిన రెండవ కుమారునికి అదే పేరు పెట్టుకున్నారు. అతడే తర్వాత లోకానికి తెలిసిన చిన్న టామ్.

ఆ 1851లోనే పడమటి తీరాన ఉన్న ప్రెస్ట్‌విక్ అనే ఊరివారు మైదానం వేసి సంరక్షించమని టామ్‌ను పిలిచారు. చంటిబిడ్డతో, భార్యతో అక్కడికి తరలివెళ్ళారు. ఇసుక దిబ్బల నడుమ 12 గుంటల మైదానాన్ని ఆయనే వేశారు. గడ్డి కోయడం, నేల సరిచేయడం, బంతులు, కర్రలు తయారుచేయడం అన్నీ ఆయన పనే.

ఇసుక నేర్పిన పాఠం

ప్రెస్ట్‌విక్‌లో ఒకసారి తోపుడు బండిలోని ఇసుక పొరపాటున ఒక గ్రీన్ మీద ఒలికిందనీ, కొంతకాలానికి సరిగ్గా ఆ చోటనే గడ్డి మిగతాచోట్ల కంటే ఏపుగా, దట్టంగా రావడం టామ్ గమనించారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా అందులోని శాస్త్రం నిజం. సముద్రతీరపు మైదానాల్లో గాలి తనంతట తానే ఇసుకను మోసుకొచ్చి గడ్డి మీద చల్లుతూ ఉంటుంది. అక్కడి సన్నని గడ్డి ఆ ఇసుకను చీల్చుకుని పైకి వస్తూ కొత్త వేళ్ళు వేసుకుంటుంది. ప్రకృతి ఎప్పుడో ఒకప్పుడు చేసే ఈ పనిని టామ్ క్రమం తప్పకుండా, కొద్దికొద్దిగా, కావలసిన చోటల్లా చేశారు. ఆయన గొప్పతనమంతా ఇందులోనే ఉంది.

1860లో ప్రెస్ట్‌విక్‌లో మొట్టమొదటి ఓపెన్ పోటీ జరిగింది. ఆడినవారు ఎనిమిది మంది. విల్లీ పార్క్ గెలిచారు, టామ్ రెండు దెబ్బల తేడాతో రెండవవారయ్యారు. తర్వాత 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో టామ్ విజేతలు. 1867లో గెలిచేనాటికి వయసు 46. అంతటి వయసులో ఆ పోటీ గెలిచినవారు ఈనాటికీ మరొకరు లేరు. మరుసటి ఏడు 1868లో కుమారుడు 17 ఏళ్ళకే గెలిచాడు. అంత చిన్న వయసులో గెలిచినవారూ ఈనాటికీ మరొకరు లేరు. రెండు రికార్డులూ ఒకే ఇంట ఉన్నాయి.

ఏడాదికి 50 పౌన్ల కొలువు

1864లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బువారు టామ్‌ను సొంత ఊరికి రమ్మని పిలిచారు. ఏడాదికి 50 పౌన్ల జీతం. మైదానం ఖర్చులకు మరో 20 పౌన్లు. ఆయనకు అప్పగించిన పనిముట్లు ఒక తోపుడు బండి, ఒక పార, ఒక చెక్కపార. బరువుపనులకు వారానికి రెండు రోజులు ఒక మనిషి సహాయం. అంతటి పేరుపొందిన మైదానాన్ని ఈ సరంజామాతో బాగుచేయాలన్నమాట. చాలీచాలని గ్రాంట్లతో నెట్టుకొచ్చిన మన సభ్యులకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

అప్పటికి ఆ మైదానం పరిస్థితి బాగాలేదు. అది ఊరి ఉమ్మడి భూమి. కుందేళ్ళు బొరియలు తవ్వేవి, జనం బట్టలు ఆరవేసుకునేవారు. 1852లో రైలు రావడంతో ఆటగాళ్ళు పెరిగారు. చవక బంతి వల్ల ఇంకా పెరిగారు. తొక్కిడికి గడ్డి అరిగిపోయింది. ముళ్ళపొదలు దారులను మూసేశాయి.

టామ్ ముళ్ళపొదలు నరికించి దారులు వెడల్పు చేశారు. చివరిదైన 18వ గ్రీన్‌ను కొత్తగా నిర్మించారు. 1870 ప్రాంతంలో మొదటి గుంటకు వేరే గ్రీన్ వేశారు. దీనివల్ల ఒక పెద్ద ఉపకారం జరిగింది. మైదానాన్ని అటునుంచి ఇటు కూడా, ఇటునుంచి అటు కూడా ఆడే వీలు కలిగింది. కొంతకాలం ఒక దిక్కున, తర్వాత ఎదురు దిక్కున ఆడించడంతో ఒకేచోట అడుగులు పడక గడ్డి కోలుకునేది. గ్రీన్ల మీద క్రమంగా ఇసుక వేయించారు. ఏ గ్రీన్ నీరసించినా ఆయన ముందుగా చూసేది ఇసుక వైపే.

అన్నింటికంటే ముఖ్యమైనది ఆదివారం సెలవు. టామ్ చర్చిలో పెద్దగా వ్యవహరించిన భక్తులు. ఆదివారం ఆట పనికిరాదని ఆయన నియమం. మనుషులకు విశ్రాంతి అక్కరలేకపోయినా గడ్డికి కావాలన్నది ఆయన వాదన. అక్కడి ఓల్డ్ కోర్స్ అనే ఆ మైదానాన్ని పెద్ద పోటీల రోజుల్లో తప్ప ఆదివారాలు మూసి ఉంచే ఆచారం ఈనాటికీ సాగుతోంది. ఆదివారం ఊరివారు పిల్లలతో, కుక్కలతో అక్కడ షికారు చేస్తారు.

పుత్రశోకం

చిన్న టామ్ తండ్రిని మించినవాడయ్యాడు. 1868, 1869, 1870 వరుసగా మూడుసార్లు గెలిచి ఛాంపియన్ బెల్టును శాశ్వతంగా సొంతం చేసుకున్నాడు. ఇవ్వడానికి బెల్టు లేక 1871లో పోటీయే జరగలేదు. 1872లో మళ్ళీ అతడే గెలిచాడు.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్ అనే ఊరిలో పార్క్ సోదరులతో పందెం ఆట ఆడుతున్నారు. చిన్న టామ్ భార్య ఇంటివద్ద ప్రసవవేదనతో ఉంది. పరిస్థితి బాగాలేదని తంతి వచ్చింది. రైలులో చుట్టూ తిరిగి పోతే ఆలస్యమని ఒక పడవలో సముద్రపు పాయ దాటి ఇంటికి బయలుదేరారు. వారు చేరేసరికే తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. ఆ దెబ్బ నుంచి కుమారుడు తేరుకోలేదు. అదే ఏడాది డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, 24 ఏళ్ళకే కన్నుమూశాడు. మరుసటి ఏడాది టామ్ గారి భార్య కూడా కాలం చేశారు.

అప్పుడు టామ్ వయసు 55. ఈ ఘట్టం గురించి చదివిన ప్రతిసారీ నాకు తోచేది ఒకటే. ఆ మనిషి మర్నాడు ఉదయం ఏం చేసి ఉంటారు? ఆయన మనసులోని మాట మనకు తెలియదు. చేసిన పని మాత్రం తెలుసు. మైదానానికి వెళ్ళారు. ఆ తర్వాత మరో 27 ఏళ్ళు వెళ్ళారు. చలికాలంలో సైతం రోజూ సముద్రస్నానం చేసేవారని చెబుతారు. డెబ్భై దాటాక కూడా ఓపెన్ పోటీలో ఆడారు. మిగిలిన పిల్లలు కూడా ఆయన కళ్ళముందే పోయారు. కుమారుడు జాన్ 1893లో, కుమార్తె ఎలిజబెత్ 1898లో, చివరి కుమారుడు 1906లో. తన సంతానమంతటినీ సాగనంపిన తండ్రి ఆయన.

ఇంత దుఃఖంలోనూ ఆయన చేతి పని ఆగలేదు. ముయిర్‌ఫీల్డ్, ఐర్లాండ్‌లోని రాయల్ కౌంటీ డౌన్, లహించ్ వంటి పేరుపొందిన మైదానాల రూపకల్పనలో ఆయన చేయి ఉంది. 1895లో సెయింట్ ఆండ్రూస్‌లోనే రెండవ మైదానం వేశారు.

మన గరిక లాన్ల మాట

టామ్ గారి దేశంలోని గడ్డి వేరు, మన గరిక వేరు. అక్కడిది చల్లని వాతావరణపు గడ్డి, మనది ఎండకు పెరిగే గడ్డి. కాని చచ్చిన పీచు కట్టడంలో మన గరిక ఏమీ తీసిపోదు. నేలమీద పాకే కాడలు, నేలలోపల పాకే కాడలు రెండూ ఉండడం వల్ల ఇంకా త్వరగా కడుతుంది. యూరియా ఎక్కువ వేసి, రోజూ కొద్దికొద్దిగా నీళ్ళు చల్లే లాన్లలో మరీ త్వరగా కడుతుంది. కోసినప్పుడు పడే చిన్న ఆకుముక్కలు త్వరగా చివికిపోతాయి, వాటివల్ల వచ్చే ముప్పు తక్కువ.

ఇంటిముందు నాలుగు గజాల పచ్చిక ఉన్న సభ్యులు ఇలా చేయవచ్చు. మన దగ్గర లాన్ దువ్వడానికి జూన్, జూలై నెలల్లో తొలివానలు పడి గడ్డి జోరుగా పెరుగుతున్న సమయం మంచిది. మండుటెండల్లోనూ, గడ్డి నిద్రపోయే చలికాలంలోనూ చేయరాదు. ముందు గడ్డిని బాగా పొట్టిగా కోయాలి. నేల బురదగా కాకుండా కొద్దిపాటి తేమతో ఉండాలి. పళ్ళ దంతెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గీరి, పైకి వచ్చిన పీచునంతా ఎత్తివేయాలి. తర్వాత నది ఇసుక, జల్లించిన మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, గడ్డి కొసలు కనబడేంత పలుచగా చల్లి, చీపురుతో దించి నీరు పెట్టాలి. నల్లరేగడి నేలల్లో వట్టి ఇసుక వేస్తే అది విడి పొరగా నిలిచిపోతుంది, అందుకని అక్కడి మట్టినే కలపాలి. ఉప్పు ఉండే సముద్రపు ఇసుక వద్దు. నాటి ఏడాది కాని కొత్త లాన్‌ను దువ్వకూడదు.

దువ్విన తర్వాత రెండు మూడు వారాలు లాన్ చూడడానికి ఘోరంగా ఉంటుంది. పచ్చదనం పోయి కోడి కెలికినట్టు కనబడుతుంది. నా సర్వీసులో ఒకచోట ఇలాగే దువ్వించిన మర్నాడు పై అధికారి ఒకరు చూసి, పచ్చటి లాన్‌ను నాశనం చేశానని మెమో ఇచ్చారు. జవాబు వ్రాసి పెట్టుకుని వానల కోసం చూశాను. ఆ జవాబు ఫైలులో కదిలేలోపే గడ్డి చివుళ్ళు వేసింది. మెమో సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. గడ్డి వేళ్ళు బతికి ఉంటే పై గాయం దానిని చంపదు. గాలి లోపలికి పోవడానికి దారి మాత్రం ఇవ్వాలి. టామ్ గారి జీవితంలో నాకు కనబడింది కూడా ఇదే.

పదవీ విరమణ, తర్వాత

టామ్ మోరిస్ 1903లో పదవీ విరమణ చేశారు. అప్పటికి వయసు 82. సుమారు నాలుగు దశాబ్దాల సేవ. క్లబ్బువారు ఆయన జీతాన్ని ఆపలేదు, బతికినంతకాలం ఇస్తూనే వచ్చారు. సర్ జార్జ్ రీడ్ అనే పేరుపొందిన చిత్రకారునిచేత ఆయన చిత్రపటం వేయించి క్లబ్బు భవనంలో పెట్టుకున్నారు. 18వ గుంటకు ఆయన పేరు పెట్టారు. దాని పక్కనే ఆయన దుకాణం. విరమణ తర్వాత అక్కడే కిటికీ దగ్గర కూర్చుని తాను నిర్మించిన గ్రీన్‌ను చూసుకుంటూ, వచ్చేపోయేవారిని పలకరించేవారు. పింఛను కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన మిత్రులు ఈ భాగాన్ని మరొకసారి చదువుకున్నా తప్పులేదు. కింది ఉద్యోగి సేవను గుర్తించి గౌరవంగా చూసుకున్న యాజమాన్యాలు నూరేళ్ళ కిందట కూడా ఉన్నాయి.

1908 మే 24న ఊరిలోని న్యూ గోల్ఫ్ క్లబ్బులో మెట్లమీద నుంచి జారిపడి ఆయన మరణించారు. 87 ఏళ్ళు నిండడానికి మూడు వారాలు తక్కువ. ఆ ఊరి పాత కెథడ్రల్ ఆవరణలో కుటుంబసభ్యుల చెంతనే సమాధి చేశారు. అక్కడ గోడకు చిన్న టామ్ స్మారక శిల్పం ఉంది. దాని ఖర్చు 60 గోల్ఫ్ సంఘాలు కలిసి భరించాయి.

ఆయన గెలిచిన పతకాలను చూడడానికి జనం వెళుతూ ఉంటారు. నాకు మాత్రం ఆయన వదిలిపోయిన ఆస్తి ఇసుక, విశ్రాంతి, ఓపిక అనే మూడే అనిపిస్తుంది. ఈనాడు యంత్రాలు వచ్చాయి. దువ్వడానికి మోటారు దంతెలు, ఇసుక చల్లడానికి బండ్లు ఉన్నాయి. పని మాత్రం అదే. ఈ వానాకాలంలో మీ ఇంటిముందు పచ్చికను ఒకసారి వేళ్ళతో పాయ తీసి చూడండి. పీచు కనబడితే మనవణ్ణి పిలిచి దంతె అందించండి. పట్టుకునే తీరు మాత్రం పక్కన నిలబడి మీరే నేర్పండి.

సెలవు.